బిరడాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు

షెడ్డు గడప దాటే ముందు ఆయన కుడి జేబు మీద అరచేత్తో ఒకసారి కొట్టుకుంటాడు. లోపల ఇత్తడికి ఇత్తడి తగిలి టక్కుమంటుంది. అప్పుడు గాని కాలు బయట పెట్టడు. టీకి వెళ్ళినా అంతే, చేతులు కడుక్కోవడానికి వెళ్ళినా అంతే. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ముందు జేబు చూసుకుని తరవాతే తల తిప్పుతాడు. కొత్తగా చేరినవాళ్ళు జేబులో చిల్లర ఉందేమో అనుకుంటారు. చిల్లరకి అంత నిండైన చప్పుడు రాదు.

జేబులో ఉండేవి నాలుగు బిరడాలు. ఒక్కొక్కటి కోడిగుడ్డంత ఉంటుంది. ఒంటికి మరలు, మెడ చుట్టూ నల్లటి రబ్బరు వాషరు. అవి ఉండాల్సింది బండి పొట్టలో. బండి మరమ్మతులో ఉన్నంతకాలం మాత్రం ఆయన జేబులో ఉంటాయి. అందుకే ఆయన్ని అందరూ బిరడా బాబాయ్ అంటారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు వినిపిస్తుంది. అప్పుడు కూడా పక్కవాడు మోచేత్తో పొడిస్తే గాని పలకడు.

ఆ షెడ్డు సముద్రపు దళానిది. ఓడల్లో వచ్చి, ఒడ్డున దిగి పోరాడే సైనికులు వాళ్ళు. వాళ్ళ కంటే ముందు దిగేవి ఈ బండ్లు. ఎనిమిది చక్రాలు, వెనక రెండు చిన్న ప్రొపెల్లర్లు, ముందు అలని ఆపడానికి మడత విప్పే ఒక పలక. నేల మీద కారులా పోతాయి, నీళ్ళలో పడవలా పోతాయి. రెండు పనులూ ఓ మోస్తరుగానే చేస్తాయి. మందపు ఇనుము తొడిగితే మునుగుతాయి, పలచటి ఇనుము తొడిగితే గుండు దూరుతుంది. ఎక్కడో మధ్యలో సర్దుకున్నారు. పెద్ద ట్యాంకుతో తలపడే బండ్లు కావివి. ముందుగా వెళ్ళి, ఎవరు ఎక్కడ కాచుకుని ఉన్నారో చూసి, వెనక వచ్చేవాళ్ళకి చెప్పాలి. చెప్పి, తిరిగి రావాలి. వాటి యుద్ధమంతా చూడడంలోనే ఉంటుంది.

బండి పొట్టకి నాలుగు రంధ్రాలు. ఒడ్డెక్కాక లోపల చేరిన నీళ్ళు పోవడానికి పెట్టినవి. మళ్ళీ నీళ్ళలోకి దిగే ముందు నాలుగూ మూయాలి. ఇందులో తెలియనిదేమీ లేదు. అయినా ఒకప్పుడు, బాబాయ్ ఇంకా పనిలో చేరక ముందు, ఒక బండి ఒక రంధ్రం తెరిచి ఉండగానే దిగింది. మూయాల్సినవాడు టీ తాగుతున్నాడు. బిరడా బల్ల మీద ఉంది. లోపలివాళ్ళందరూ బయటపడ్డారు. బండి మాత్రం వాళ్ళు చూస్తుండగా అడుక్కి పోయింది.

ఆనాటి నుంచి షెడ్డులో ఒక కట్టడి నడుస్తోంది. తీసిన బిరడాని బల్ల మీద పెట్టకూడదు, గోడకి తగిలించకూడదు. ఒక మనిషి ఒంటి మీద ఉండాలి. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మూయాలి. ఎవరు మూస్తే వాళ్ళే, మరమ్మతు తరవాత బండి మొదటిసారి నీళ్ళలోకి దిగినప్పుడు, వెనక కూర్చుని వెళ్ళాలి. ఇది ఎక్కడా రాసి లేదు. ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

ఒకసారి బాబాయ్‌కి జ్వరం వచ్చి బిరడాలు వెల్డరుకి ఇచ్చాడు. వెల్డరు నిప్పుతో ఆడుకునే మనిషి, నీళ్ళంటే మాత్రం పడదు.

"మూసి పెడతాను గానీ నన్ను ఎక్కమనకు బాబాయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు కాలిపోతున్నాయి, పట్టుకోకు," అన్నాడు బాబాయ్, దుప్పట్లోంచి. "చేతిలోకి తీసుకున్నావు కదా. ఇంక మాటలెందుకు?"

వెల్డరు ఎక్కాడు. వెళ్ళేటప్పుడు వాంతి, వచ్చేటప్పుడు వాంతి. ఒడ్డు మీద కూడా కాసేపు ఇసుక పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ముఖానికి వెల్డింగు ముసుగు దించుకుంటాడు.

ఎక్కినవాడి పని ఒక్కటే. కాళ్ళ దగ్గర ఇనుప పలక పైకెత్తి, చిన్న దీపం పట్టుకుని, బండి అడుగు చూస్తూ కూర్చోవాలి. నీళ్ళు ఒక్కసారిగా రావు. మర చుట్టూ ముందు చెమ్మ పడుతుంది. చెమ్మ కనపడగానే అరవాలి. బాబాయ్ ఆ పనిలో తల పండించుకున్నాడు. పైన మూత తెరిచి ఉన్నా పైకి చూడడు. డ్రైవరు కేకలు వేసినా, అల వచ్చి బండిని లేపి వేసినా, చూపు అడుగు మీదే. దళంలో ఆయనంత తరచుగా సముద్రంలోకి వెళ్ళినవాళ్ళు తక్కువ. అయినా సముద్రాన్ని ఆయన చూసింది ఒడ్డు నుంచే.

ఆయనకి ఈత రాదు.

ఆ విషయం ఆయన భార్యకి తెలుసు. షెడ్డులో వాళ్ళకి కూడా తెలుసు. దాన్నెవరూ వింతగా అనుకోలేదు. బండి మునగదు, ఆయన మూశాడు కనక.

దళం బట్టలు ఉతికే చోటు షెడ్డు వెనకే ఉంది. ఆమె అక్కడ పెద్ద మిషను నడుపుతుంది. ఇద్దరికీ పరిచయం కాని రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆ మిషను డ్రమ్ములో ఏదో టంగుటంగుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మిషను ఆపి, నురగలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. ఇత్తడి ముక్క చేతికి తగిలింది. దాన్ని తీసుకుని నేరుగా షెడ్డుకి వచ్చింది. అక్కడ అప్పటికే అందరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. పెట్టెలన్నీ బోర్లించి వెతుకుతున్నారు. ఆయన బండి కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఎవరిదయ్యా ఇది? నా డ్రమ్ము సొట్టపోయింది."

కాళ్ళు కదిలాయి. తరవాత మనిషి వచ్చాడు. "నాదేనండి."

"మాసిన బట్టలు వేసేటప్పుడు జేబులు చూసుకోవా? చంటిపిల్లాడివా?"

"ఇక నుంచి చూసుకుంటానండి," అన్నాడు ఆయన.

ఆ మాట మీదే ఉన్నాడు. జేబు మీద కొట్టుకోవడం ఆ రోజే మొదలైంది. పెళ్ళి కొన్నాళ్ళ తరవాత. ఆయన బాబాయ్ కనక షెడ్డులో ఆమె పిన్ని అయింది. బట్టలుతికే చోటుకి పైన ఉన్న రెండు గదుల్లో కాపురం. కింద మిషను తిరుగుతుంటే పైన మంచం సన్నగా వణుకుతుంది. ఆదివారం మిషను ఆగినప్పుడు ఆయనకి నిద్ర పట్టదు. డాబా మీద ఇనుప తీగలు కట్టి ఆమె దళం దుప్పట్లన్నీ అక్కడే ఆరేస్తుంది. సాయంత్రం ఆ దుప్పట్ల మధ్య కూర్చుని ఇద్దరూ టీ తాగుతారు. ఆయన గోళ్ళలో నల్లటి గ్రీజు, ఆమె వేళ్ళు సబ్బుకి నానిన తెలుపు.

ఈ మధ్య దళానికి కొత్త మేజరు వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి. వచ్చిన వారంలోనే బండ్లన్నీ తిరిగి చూశాడు. మనుషుల్ని కూడా ఒక్కొక్కరినే అడిగి తెలుసుకున్నాడు. అప్పటికి ఏడో నంబరు బండి ఎత్తు దిమ్మల మీద ఉంది. దాని నెత్తిన కొత్తగా ఒక స్తంభం బిగిస్తున్నారు. కావాలన్నప్పుడు పైకి లేస్తుంది, కొసన కెమెరా ఉంటుంది. ఇప్పటి యుద్ధంలో ఆకాశం నిండా డ్రోన్లే. దాక్కున్నా కనిపెట్టేస్తాయి. అవి మనల్ని చూసేలోగా మనం చూసి తప్పుకోవాలి. అందుకని కెమెరా. కెమెరాకి స్తంభం, స్తంభానికి బరువు. ఆ బరువుతో బండి నీళ్ళలో ఎంత లోతుకి దిగుతుందో కాగితం మీద లెక్క తేలింది. నీళ్ళని ఇంకా ఎవరూ అడగలేదు.

మేజరు బాబాయ్ దగ్గర ఆగాడు.

"వెనక కూర్చునేది మీరేనట. ఈత వచ్చా?"

బాబాయ్ జేబు మీద కొట్టుకున్నాడు. "రాదండి."

"ఇన్నేళ్ళుగా సముద్రంలో తిరుగుతున్నారు కదా!"

"బండి తిరిగిందండి. నేను లోపల కూర్చున్నాను."

"మునిగితే?"

"మునగదండి."

"ఒకవేళ మునిగితే అంటున్నాను."

"మునక్కుండా చూడ్డానికే కదండీ నేను ఎక్కేది."

వెనక ఎవరో నవ్వారు. మేజరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "మీ పని మీద నాకు అనుమానం లేదు," అన్నాడు. "కానీ ఏదో ఒక రోజు జరగరానిది జరిగితే, నేను మీ ఇంటి తలుపు తట్టి ఏం చెప్పాలి? ఈత రాదని తెలిసే ఎక్కించామని చెప్పాలా? ఇక మీద ఈత వచ్చినవాళ్ళే బండి ఎక్కుతారు. ఏడో బండి దిగే ముందు రోజు పరీక్ష పెడతాను. నెగ్గితే ఎక్కండి. లేదంటే మూసేసి ఒడ్డున ఉండండి."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడో బండి నడిపే అమ్మాయి బాబాయ్ వెనకే వచ్చింది. ఆమె నడిపేటప్పుడు ముందున్న చిన్న అద్దంలోంచి చూడగలిగేది జానెడు వెడల్పు లోకం. మిగతాది నమ్మకం.

"బాబాయ్, నువ్వు ఎక్కకపోతే ఎలా?"

"మూస్తాను కదమ్మా. చెయ్యి అదే, పానా అదే."

"నువ్వు మూస్తావు. తెలుసు. కానీ నువ్వు మూసి ఒడ్డున నిలబడితే, అలల్లోకి వెళ్ళాక నా వీపు చల్లబడుతుంది. వెనక నువ్వున్నావంటే వెనక్కి చూడను. అంతే."

ఆమె చెప్పింది బాబాయ్ చేతులకీ తెలుసు. ఎక్కేవాడి వేళ్ళలో ఒక భయం ఉంటుంది. వాషరు అంచు మీద వేలు రెండోసారి తిప్పించేది అదే. ఎక్కనివాడు ఎంత మంచివాడైనా ఒకసారే తిప్పుతాడు. ఆయనకి కావలసింది సీటు కాదు, ఆ రెండోసారి.

సాయంత్రం దుప్పట్ల మధ్య టీ చల్లారిపోయింది.

"ఏమయ్యా, కప్పులో ఈగ పడేదాకా తాగవా?" అంది పిన్ని.

సంగతి చెప్పాడు. ఆమె విని, కప్పు పక్కన పెట్టింది. ఆమె తండ్రి నది మీద రేవు పడవ నడిపేవాడు. నడక కంటే ఈత ముందు వచ్చిందని ఆమెని ఇంట్లో ఆటపట్టించేవారు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని నీళ్ళలోకి లాగాలని చూసింది. మోకాళ్ళ దాకా వచ్చి, రేపు చూద్దామనేవాడు.

"ఇన్నేళ్ళూ అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలావు," అంది. "ఇప్పుడు మింగుదువుగాని, పద."

"ఇప్పుడా?"

"పరీక్ష నీకా, నాకా?"

సైనికులు ఈత సాధన చేసే కొలను ఒకటి ఉంది. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక దళంలో పనిచేసే ఎవరైనా దిగవచ్చు. ఆయన పాత పని బట్టలతో మెట్ల మీద నిలబడ్డాడు. ఆమె అప్పటికే నీళ్ళలో ఉంది, అడుగు అందని చోటు నుంచి అందే చోటుకి మాట్లాడుతూనే ఈదుకుంటూ వస్తోంది.

మొదట్లో ఆయన రాయిలా ఉండేవాడు. తరవాత కర్రలా అయ్యాడు. కర్ర తేలుతుంది కనక ఆమె ఆశ వదులుకోలేదు. ఒంటి కింద చెయ్యి పెట్టి పట్టుకునేది. ఆయనకి తెలియకుండా చెయ్యి తీసేసేది. తెలిసిన మరుక్షణం ఆయన మునిగేవాడు.

అసలు కష్టం వేరే చోట ఉంది. ఆయన ముఖం నీళ్ళలో పెడితే తల ఎత్తడు. ఊపిరి ఆడకపోయినా, కాళ్ళు ఆగిపోయినా, కళ్ళు తెరుచుకుని కిందకే చూస్తుంటాడు. ఆమె జుట్టు పట్టుకుని పైకి లాగాల్సి వచ్చేది.

"అడుగులో ఏముందయ్యా? ముందుకి చూడు!"

ఆయన దగ్గుతూ, "చెమ్మ ఏమైనా ఉందేమోనని," అన్నాడు.

"కొలనులో చెమ్మేమిటి మహానుభావా!"

ఆమె నవ్వి నవ్వి తానే ఒక గుటక నీళ్ళు మింగింది. గట్టు మీద కూర్చున్న డ్రైవరమ్మాయి కడుపు పట్టుకుంది. ఆయన కూడా కాస్త ఆలస్యంగా నవ్వాడు. నవ్వుతున్నంతసేపూ ఎవరూ పట్టుకోకుండానే తేలాడు. ముందు ఆమె గమనించింది. ఆయనకి చెప్పలేదు.

ఆ తరవాత దారి దొరికింది. అందంగా ఈదడం ఆయనకి రాలేదు. కుక్క నీళ్ళలో పోయినట్టు గడ్డం పైకెత్తుకుని, చేతులు పొట్ట కింద ఆడిస్తూ పోయేవాడు. పోయేవాడు, అది చాలు. ఒక సాయంత్రం మేజరు గట్టు పక్క నుంచి నడుస్తూ చూసి, ఏమీ అనకుండా తల ఊపి వెళ్ళాడు. పిన్ని ఆ రాత్రి భోజనంలో ఆయనకి ఒక ముద్ద ఎక్కువ పెట్టింది.

పరీక్ష రోజు షెడ్డు పని తొందరగా ముగిసింది. స్తంభం బిగించడం అయిపోయింది. ఏడో బండి దిమ్మల మీదే ఉంది, పొట్టలో నాలుగు రంధ్రాలూ తెరిచి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే నీళ్ళలోకి దిగాలి. అందరూ కొలను దగ్గర చేరారు. పిన్ని మిషను ఆపేసి వచ్చింది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. సముద్రంలో పడేవాడు బట్టలు మార్చుకుని పడడు కనక పని బట్టలతోనే దూకాలని మేజరు చెప్పాడు. బూట్లు మాత్రం విప్పవచ్చు. లోతు వైపు దూకి, అవతలి గట్టు ముట్టుకుని, తిరిగి రావాలి.

బాబాయ్ బూట్లు విప్పి పక్కపక్కనే పెట్టాడు. గట్టు అంచున నిలబడ్డాడు. అలవాటుగా కుడి జేబు మీద కొట్టుకున్నాడు. టక్కుమంది. అన్నీ ఉన్నాయి. ధైర్యం వచ్చింది. దూకాడు.

నీళ్ళు మూసుకున్నాయి. కాసేపటికి పైకి వచ్చాడు, కుడి వైపుకి ఒరిగి. చేతులు ఆడించాడు. ముందుకి వెళ్ళలేదు, గుండ్రంగా తిరిగాడు. మళ్ళీ ఆడించాడు. ఇంకో చుట్టు తిరిగాడు. ఒక పక్కనే సరుకు ఎక్కించిన పడవలా ఉంది. మూడో చుట్టులో కుడి భుజం నీళ్ళ కిందకి పోయింది. డ్రైవరమ్మాయి వంగి కాలరు పట్టుకుని గట్టుకి లాగింది.

మేజరు దగ్గరకి వచ్చాడు. "ఏమైంది? మొన్న బాగానే ఈదారు కదా."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. బట్టల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి. కుడి జేబు కిందికి జారి, టక్కుమంది.

పిన్ని ముక్కున వేలేసుకుంది. "జేబులు చూసుకున్నావా?"

"చూసుకున్నాను," అన్నాడు ఆయన. "ఉన్నాయి."

ముందు వెల్డరు నవ్వాడు. తరవాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. మేజరుకి విషయం చెప్పడానికి డ్రైవరమ్మాయి రెండుసార్లు మొదలుపెట్టి ఆగాల్సి వచ్చింది. విన్నాక ఆయన పెదవి చివర కూడా కదిలింది.

"సరే, అవి తీసి పక్కన పెట్టండి. మళ్ళీ దూకండి."

బాబాయ్ కదల్లేదు. "పక్కన పెట్టకూడదండి."

నవ్వులు ఆగిపోయాయి. ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. బండి పొట్ట తెరిచి ఉంది. బిరడాలు నేల మీద ఉండకూడదు. ఎవరి చేతికైనా ఇస్తే రేపు మూసేది వాళ్ళు, ఎక్కేది వాళ్ళు. జేబులో ఉంచుకుంటే పరీక్ష పోతుంది. తీసి ఇస్తే, ఏ బండి కోసం ఇన్ని సాయంత్రాలు నీళ్ళు మింగాడో ఆ బండి పోతుంది.

మేజరుకి డ్రైవరమ్మాయి అది కూడా చెప్పింది. ఆయన విని, కట్టడిని కొట్టిపారేయలేదు. "అయితే ఎవరికి ఇస్తారో మీరే చూసుకోండి," అన్నాడు.

ఎవరూ చెయ్యి చాపలేదు. వెల్డరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వు," అంది పిన్ని.

ఆయన ఆమె వైపు చూశాడు. "నీకు తెలుసు కదా."

"ఎందుకు తెలియదు? ఇన్నేళ్ళుగా ఆ గ్రీజు నేనే ఉతుకుతున్నాను. అదెక్కడ అంటుకుంటుందో ఓసారి చూస్తే తప్పేమిటి? ఇవ్వవయ్యా, నీళ్ళు చల్లబడుతున్నాయి."

ఆమె అరచేయి చాపే ఉంచింది. ఆయన ఒక్కొక్క బిరడా తీసి అందులో పెట్టాడు. నాలుగోది పెట్టడానికి కాస్త సమయం పట్టింది. తరవాత గట్టు దగ్గరికి వెళ్ళాడు. జేబు మీద కొట్టుకోబోయి, చెయ్యి దించేసి, దూకాడు.

గడ్డం పైకెత్తుకుని, చేతులు పొట్ట కింద ఆడిస్తూ వెళ్ళాడు. అవతలి గట్టు ముట్టుకున్నాడు. తిరిగి వచ్చాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన మెట్లెక్కి వచ్చేసరికి డ్రైవరమ్మాయి తువ్వాలు విప్పి పట్టుకుని ఉంది.

"నెగ్గారు," అన్నాడు మేజరు. "ఇక మీ బండి మీరు ఎక్కవచ్చు."

పిన్ని బిరడాలు తిరిగి ఇవ్వబోయింది. వెల్డరు అడ్డం వచ్చాడు.

"ఆగు పిన్నీ. అలా ఎలా ఇస్తావు? ఆ రోజు నా ప్రాణం కడుపులోంచి బయటికొస్తున్నా నన్ను వదల్లేదు మీ ఆయన. చేతిలోకి తీసుకున్నావా లేదా?"

"తీసుకున్నాను."

"అంతే మరి. అసలు ఆ డ్రమ్ములో దొరికినప్పుడే ఒకసారి ఎక్కాల్సింది నువ్వు. కొత్త మనిషివని ఊరుకున్నాం."

బాబాయ్ తల తుడుచుకోవడం ఆపాడు. వెల్డరుని ఎక్కించింది తాను. తన ఇంటి మనిషి అని ఇప్పుడు దారి మార్చలేడు. "వాడన్నది నిజమే," అన్నాడు. "నువ్వే మూయాలి."

"మూస్తాను. నేనేమైనా కాదన్నానా?"

అందరూ మేజరు వైపు చూశారు. ఆయన పిన్నిని అడిగాడు. "మీకు ఈత వచ్చా?"

"ఆవిడే ఆయనకి నేర్పింది సార్," అంది డ్రైవరమ్మాయి.

"దళంలో పనిచేసే మనిషి. ఈత వచ్చు. నా కట్టడి ప్రకారం అడ్డు లేదు, మీ కట్టడి ప్రకారం తప్పదు." మేజరు టోపీ సర్దుకున్నాడు. "వెనక సీట్లు చాలానే ఉన్నాయి. పరీక్ష నెగ్గినవాళ్ళు కూడా కూర్చోవచ్చు."

బిరడాలు ఆ రాత్రి పిన్ని తలగడ కింద ఉన్నాయి. పక్కకి తిరిగినప్పుడల్లా ఒకదానికొకటి తగిలాయి. ఆ చప్పుడుకి బాబాయ్ హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే బండిని రేవు వాలుకి తెచ్చారు. బండి కిందకి దూరడానికి చక్రాల పలక ఒకటి ఉంటుంది. ఆమె దాని మీద వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్ళింది. ఆయన పక్కనే నేల మీద పడుకున్నాడు. చేతులు రెండూ గుండెల మీద కట్టుకున్నాడు, అవి ముందుకి పోకుండా.

"ఎంత బిగించాలి?" అంది ఆమె.

"మరీ బిగిస్తే రబ్బరు నలిగిపోతుంది. వదిలేస్తే..."

"మా మిషను తలుపు లాంటిదే. నొక్కుతూ ఉంటే ఒక చోట అదే ఆగుతుంది." పానా తిప్పింది. ఆగింది. వాషరు అంచు మీద వేలు తిప్పి చూసింది. ఒక క్షణం ఊరుకుని, మళ్ళీ ఒకసారి తిప్పింది.

ఆ రెండోసారి చూసి బాబాయ్ ఇక ఏమీ చెప్పలేదు.

బండి వాలు దిగింది. ముందు పలక విప్పుకుంది, చక్రాల కింద నేల పోయింది, వెనక ప్రొపెల్లర్లు అందుకున్నాయి. స్తంభం బరువుకి బండి వెనక భాగం కొద్దిగా కిందికి కూర్చుంది. ముందు నుంచి డ్రైవరమ్మాయి, "వెనక ఎలా ఉంది?" అని కేక వేసింది.

"ఆరిన బట్టలా ఉంది," అంది పిన్ని. ఇనుప పలక పైకెత్తి, దీపం పట్టుకుని, వంగి కూర్చుంది. ఒక అల బండిని లేపి వేసింది. ఆమె తల ఎత్తలేదు.

బాబాయ్ కూడా వంగబోయాడు. ఆమె మోచేత్తో నెట్టింది. "ఇది నా పని. నువ్వు లే."

ఆయనకి చేయడానికి ఏమీ మిగల్లేదు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తరవాత లేచి, తెరిచి ఉన్న పైమూతలోంచి తల బయట పెట్టి, సముద్రాన్ని చూశాడు.

చాలాసేపు చూశాడు. బండి దూరంగా వెళ్ళి, తిరిగి, ఒడ్డు వైపు ముఖం పెట్టినప్పుడు కూడా అలాగే నిలబడ్డాడు. ఉప్పునీళ్ళు ముఖాన పడుతున్నా తుడుచుకోలేదు. చక్రాలకి మళ్ళీ నేల తగిలేదాకా కిందికి దిగలేదు.

ఒడ్డున పిన్ని దీపం ఆర్పి, నడుం పట్టుకుని నిలబడింది. "చుక్క చెమ్మ లేదు," అంది. "నీ సంగతి చెప్పు. ఏం కనిపించింది?"

ముందు వెళ్ళి చూసి వచ్చినవాళ్ళు చెప్పే పద్ధతిలోనే చెప్పాడు, దూరం నుంచి దగ్గరికి. వెనక కొండ ఉంది. దాని మీద మబ్బు ఉంది. షెడ్డు రేకుల కప్పు మనం అనుకున్నంత పెద్దది కాదు. వెల్డరు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, నీళ్ళకి బాగా దూరంగా.

"అన్నిటికంటే ముందు కనిపించింది మాత్రం నీ దుప్పట్లు. డాబా మీద. తెల్లగా. ఇంకా ఊరే కనపడక ముందు అవి కనిపించాయి."

"అయితే వచ్చే శత్రువుకీ ముందు అవే కనిపిస్తాయి కదయ్యా!"

"మేజరుతో అనకు. తీగలు విప్పించేస్తాడు."

ఆమె నవ్వి, పానా ఆయన చేతిలో పెట్టి, మిషను వేయాలంటూ షెడ్డు వెనక వైపు నడిచింది. ఆయన ఆమె మలుపు తిరిగేదాకా చూసి, చక్రాల పలక మీద పడుకుని, బిరడాలు విప్పడానికి బండి కిందకి వెళ్ళాడు.